ఊపిరి లెక్కలో కాశీరాజు కారు

మెరకపాలెంలో రోడ్డు లేదు. ఒకప్పుడు ఉండేదన్న గుర్తుగా అక్కడక్కడా తారు పెచ్చులు మిగిలాయి. అలాంటి ఊళ్ళో పేరిచర్ల కాశీరాజు టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాడు. రొయ్యల చెరువులు వరసగా కలిసొస్తే మనిషి ఏం చేస్తాడో చెప్పలేం. కొందరు గుడి కట్టిస్తారు, కొందరు అన్నదమ్ముల మీద కేసులు వేస్తారు. కాశీరాజు నేలబారుగా, ఎర్రగా, ఇద్దరెక్కితే మూడోవాడికి చోటులేని కారు కొన్నాడు. ఊరి గుంతల్లో దాన్ని నడపడమంటూ లేదు. అలిగిన కొత్తల్లుణ్ణి విస్తరి దాకా తీసుకొచ్చినట్టు బతిమాలుకుంటూ హైవే దాకా తీసుకెళ్ళాలి.

కాశీరాజుకు ఒకటే కోరిక. డిసెంబరులో కోయంబత్తూరు దగ్గర రేసు ట్రాకు మీద సొంత కార్లవాళ్ళకు పోటీ జరుగుతుంది. అందులో ఒక్కసారి, గుంత అన్నది లేని నేల మీద, తన కారును కడుపారా పరిగెత్తించాలి. పోటీకి పేరు కూడా ఇచ్చేశాడు.

"కంపెనీవోళ్ళు పెట్టిన గాలి డబ్బా ఉంది చూశారూ, దీంతో పరిగెడితే ముక్కుకి తువ్వాలు కట్టుకుని పరిగెత్తినట్టేనండి," అన్నాడు మెకానిక్ మీరావలీ, బానెట్టు ఎత్తి పట్టుకుని. "ఇంజను ఎంత పీల్చుకోగలదో అంత పీల్చుకోనివ్వాలండి."

కాశీరాజు కోయంబత్తూరు నుంచి సామాను తెప్పించాడు. మీరావలీ నల్ల ప్లాస్టిక్ డబ్బా ఊడదీసి, దాని చోట వెడల్పాటి అల్యూమినియం గొట్టం బిగించి, గొట్టం మూతికి శంకు ఆకారంలో ఎర్రటి జల్లెడ తొడిగాడు. తర్వాత బానెట్టు ఎత్తే ఉంచి ఇంజను రేపాడు. కారు ఒక్కసారి గుండెల నిండా గాలి లాగి బుస్సుమంది. కాశీరాజు ఒళ్ళు పులకరించింది. పెరట్లో కట్టేసిన గేదె తాడు తెంపుకుంది.

ఆ రోజు నుంచి కాశీరాజు పళ్ళు తోముకోగానే షెడ్డులోకెళ్ళి, బానెట్టు ఎత్తి, కారు చేత ఒకసారి బుస్సుమనిపించి, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది.

జనాభా లెక్కలన్నీ దొంగలెక్కలని తేలింది. చచ్చినవాళ్ళు పింఛను తీసుకుంటున్నారు, పుట్టనివాళ్ళు బియ్యం తింటున్నారు. తలలు లెక్కపెట్టినంతకాలం ఇంతేనని పెద్దలు తలలు పట్టుకుని ఆలోచించారు. తల అబద్ధమాడగలదు, వేలిముద్ర అబద్ధమాడగలదు, ఊపిరి మాత్రం అబద్ధమాడదు. కాబట్టి ఇకమీదట రాష్ట్రంలో మనుషుల్ని ఊపిరిని బట్టి లెక్కిస్తారు. ఏ ఇంట్లో ఎంత గాలి పీలిస్తే ఆ ఇంట్లో అంతమంది ఉన్నట్టు. ఇంటింటికీ డోర్ నంబరు కింద శ్వాసమాపకమనే చిన్న యంత్రం బిగిస్తారు. రోజు మొత్తంలో గాలి ఎక్కువగా లాగిన క్షణం ఏదుందో, ఆ క్షణం లెక్కే ఆ ఇంటి జనాభా. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఉన్న భాషలోనే ఆ ఉత్తర్వు రాశారు.

కాశీరాజు ఇంటి గుమ్మం మీద అంకెలుండటం అరిష్టమని వాస్తు సిద్ధాంతి చెప్పినందువల్ల ఆయన డోర్ నంబరు కారు షెడ్డు స్తంభం మీద ఉంది. యంత్రం కూడా అక్కడే బిగించారు. మర్నాడు పొద్దున కాశీరాజు మామూలుగా పళ్ళు తోముకుని కారు చేత బుస్సుమనిపించాడు. యంత్రం కళ్ళు పచ్చగా మెరిసి, ఆ ఇంట్లో నాలుగు వందల పన్నెండు మంది సజీవంగా ఉన్నారని పై ఆఫీసుకు తెలియజేసింది.

వారం తిరక్కుండా శ్వాస గణన ప్రత్యేకాధికారి పరాంకుశం జీపు దిగాడు. ఎండలో కూడా కోటు విప్పని మనిషి. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"సదరు నివాసమందు నాలుగు వందల పన్నెండు శ్వాసలు నమోదైనవి. వారందరూ ఎక్కడున్నారు?"

"అది కారండి," అన్నాడు కాశీరాజు. "గాలి గొట్టం మార్పించానండి. నేనూ మా ఆవిడా తప్ప ఇక్కడెవరూ లేరండి."

"కాశీరాజు గారూ, పీల్చినది మనిషా, కారా అని యంత్రం అడగదు. యంత్రం అడగని ప్రశ్నను అధికారి అడిగిన యెడల అది క్రమశిక్షణా రాహిత్యం అవుతుంది. శ్వాస ఉన్నది. శ్వాస ఉన్న చోట పౌరులున్నారు. ఇందులో సందేహానికి నిబంధనలలో తావులేదు."

"మరి కనపడాలి కదండీ?"

"మునుపటి పద్ధతిలో కనపడినవారందరూ లేనివారని తేలింది. కావున ఇప్పుడు కనపడకపోవుటను లోపంగా పరిగణించుట లేదు."

కాశీరాజు చదివిన ఇంటరుకు ఆ వాదన అందలేదు.

ఊపిరి లెక్క తేలాక మిగతా ప్రభుత్వమంతా వరసకట్టింది. పోలియో చుక్కలవాళ్ళు వచ్చి, అన్ని ప్రాణాలున్న చోట పసివాళ్ళు ఉండకపోరని, ఎర్రజల్లెడ మీద రెండు చుక్కలు వేసి వెళ్ళారు. నర్సమ్మ వచ్చి, నాలుగు వందల పన్నెండు మందిలో ఒక్కరంటే ఒక్కరికి కుటుంబ నియంత్రణ ఆపరేషను కాలేదని కాశీరాజు భార్య భానుమతిని గట్టిగా మందలించింది.

వాటన్నిటి తర్వాత కొళాయి వచ్చింది. నాలుగు వందల శ్వాసలు దాటిన ప్రతి ఆవాసానికీ గోదావరి మంచినీటి కొళాయి ఒకటి ఇవ్వాలని నిబంధన ఉంది. పైపు తవ్వుకుంటూ వచ్చి, షెడ్డు పక్కన ప్రహరీ బయట సిమెంటు దిమ్మ కట్టి, ఇత్తడి కొళాయి బిగించి పోయారు. తిప్పితే నీళ్ళొచ్చాయి. మెరకపాలెంలో ప్రభుత్వ కొళాయి తిప్పితే నీళ్ళు రావడం అదే మొదలు.

ఆ నీళ్ళ చప్పుడు గట్టుపేటకు వినపడింది.

గట్టుపేట అంటే మురుగుకాలవ గట్టు మీద పాకలు. అక్కడివాళ్ళంతా కాశీరాజు చెరువుల్లో రొయ్య పట్టే పనికి, ఒలిచే పనికి వస్తారు. గట్టు ప్రభుత్వానిది కాబట్టి పాకలకు పట్టాలు లేవు, పట్టాలు లేవు కాబట్టి డోర్ నంబర్లు లేవు. డోర్ నంబరు లేదు కాబట్టి యంత్రం బిగించడానికి చోటు లేదు. అందుచేత గట్టుపేటలో ఎవరూ ఊపిరి పీల్చడం లేదని పై ఆఫీసులో ఖాయమైపోయింది.

పొద్దున్నే నూకరత్నం బిందె చంకన పెట్టుకుని వచ్చింది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకు ఆవిడే పెద్ద.

"బాబూ, ఈ నీళ్ళు మేం పట్టుకోవచ్చాండీ?"

"నన్నడుగుతావేంటమ్మా, కొళాయి ఊరిది."

"ఊరిది కాదంటండి. కారుదంట. అందుకని అడుగుతున్నాను." బిందె కింద పెట్టి, "మీ చెరువులు తవ్వకముందు మా నుయ్యి తియ్యగా ఉండేదండి. ఇప్పుడు పప్పు ఉడకదండి ఆ నీళ్ళతో. మిమ్మల్ని అనటం లేదు బాబూ, నుయ్యి సంగతి చెబుతున్నాను," అంది.

కాశీరాజు తల వంచుకున్నాడు. ఉప్పునీళ్ళు పెట్టి రొయ్య పెంచితే చుట్టుపక్కల నుయ్యి ఉప్పెక్కుతుందని ఆయనకు తెలియక కాదు. తెలిసీ, తన ఇంటికి మాత్రం టిన్నుల్లో నీళ్ళు తెప్పించుకుంటున్నాడు.

"పట్టుకోండమ్మా. ఎంతమంది ఉంటే అంతమంది పట్టుకోండి," అన్నాడు.

ఆ రోజు నుంచి గట్టుపేట మొత్తం ఆ కొళాయి నీళ్ళే తాగింది. చంటిపిల్లల విరేచనాలు కట్టుకున్నాయి. పప్పు ఉడికింది. గట్టు మీద ఏళ్ళ తరబడి లేనిది, పొద్దుటే తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ ఆడవాళ్ళు కబుర్లాడుకోవడం, మళ్ళీ కనిపించింది.

నవంబరు చివర్లో కాశీరాజు, రేసు దగ్గర పడుతోంది కదా అని, కారు తీసుకుని హైవే ఎక్కాడు. నర్సాపురం దాటి ఎక్కడికో పోయి, మనసు తీరా తిరిగి, మూడోనాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. షెడ్డు ముందు నీళ్ళ శాఖ మనిషి పెద్ద పానా పెట్టి కొళాయికి బిరడా బిగిస్తున్నాడు. గట్టుపేట ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. ఎవరూ గొడవ చెయ్యడం లేదు. గొడవ చెయ్యడానికి కూడా డోర్ నంబరు ఉండాలని వాళ్ళకు అనుభవం మీద తెలుసు.

కాశీరాజు పరాంకుశానికి ఫోను చేశాడు.

"నిన్నటి దినమున సదరు ఆవాసంలో శ్వాస ఒకటికి పడిపోయినది," అన్నాడు పరాంకుశం. "నాలుగు వందల పదకొండు మంది మూకుమ్మడిగా వలసపోయినట్టు భావించాము. నిర్జన ప్రదేశానికి కొళాయి ఇచ్చుట ప్రజాధనం దుర్వినియోగం."

"వచ్చేశారండి. అందరూ వచ్చేశారు. ఒక్కసారి ఊరు చూసొద్దామని వెళ్ళారండి." ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో కాశీరాజుకే తెలియలేదు.

"ఈ పర్యాయానికి క్షమిస్తున్నాము. మరొకమారు వలస జరిగిన యెడల కొళాయి శాశ్వతంగా రద్దు."

బిరడా ఊడింది. ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకున్నారు. కాశీరాజు షెడ్డులోకెళ్ళి స్టీరింగు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. బోలెడు ఆశపడి కొన్న కారు, ఏ గుంతలోనో ఇరుక్కుని ఒక్క పొద్దు తప్పితే కొళాయి పోతుంది కాబట్టి, కోయంబత్తూరు కాదు కదా, ఇక కూతవేటు దూరంలో ఉన్న పెట్రోలు బంకుకు కూడా పోకూడదు. భానుమతి వచ్చి, "అవతల బిందెలు చూశారు కదా, ఇక దిగండి," అంది. పోటీ నుంచి పేరు తీయించేసుకున్నాడు.

ఇక కారు పని రోజుకొకసారి షెడ్డులో నిలబడి బుస్సుమనడం. పెట్రోలు డబ్బాలతో వచ్చేది. గట్టుపేట ఆడవాళ్ళకు మాత్రం దాని మీద భక్తి కుదిరింది. తమకు నీళ్ళిస్తున్నది ఆ ఎర్రజల్లెడేనని, అదే దాని నోరని మీరావలీ ఎప్పుడో చెప్పాడు. నోరున్నదానికి నైవేద్యం ఉండాలి కదా. శుక్రవారం శుక్రవారం వచ్చి జల్లెడకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, సాంబ్రాణి పొగ వేసి వెళ్ళేవారు. మొదట్లో కాశీరాజు వద్దనబోయాడు. వాళ్ళ మొహాలు చూసి ఊరుకున్నాడు.

పసుపు జల్లెడ మడతల్లో పేరుకుంది. కారుకు ఊపిరాడక జనాభా తగ్గడం మొదలైంది. యంత్రం ఒకరోజు నాలుగు వందల ఆరంది. ఇంకోరోజు నాలుగు వందల ఒకటంది. సంక్షేమ శాఖ నుంచి ఆ ఆవాసంలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని, అంటువ్యాధి ఏమైనా ప్రబలిందా అని వాకబు వచ్చింది. దాని వెనకాలే, పరాంకుశం స్వయంగా తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది.

మీరావలీ జల్లెడ విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది కడిగినా పోదండి. కొత్తది రావాలంటే వారం పడుతుంది. తనిఖీ రేపు కదా. జల్లెడ తీసేసి వట్టి గొట్టం వదిలేస్తానండి. నోరు బార్లా తెరుచుకునుంటది. ఇదివరకటి కన్నా ఎక్కువే పీలుస్తది."

"ఏమీ కాదు కదా?"

"ఎదర ఏమీ లేకుండా చూసుకుంటే ఏమీ కాదండి."

తనిఖీ రోజు పొద్దున్నే పరాంకుశం పరివారంతో దిగాడు. గట్టుపేట మొత్తం ప్రహరీ బయట నిలబడింది. ఇవాళ గట్టెక్కితే కొళాయి ఉంటుంది, లేకపోతే లేదు. అంతటి రోజున, అంతమంది పెద్దల కళ్ళు పడే చోట, దిష్టి తగలకుండా చూడాలని నూకరత్నానికి తోచింది. తోచకపోతే ఆశ్చర్యపోవాలి. అందరూ జీపుల దగ్గర నమస్కారాల్లో ఉండగా ఆవిడ షెడ్డులోకెళ్ళి, పెద్ద నిమ్మకాయా, ఎండుమిరపకాయలూ, బొగ్గుముక్కా గుచ్చిన దండ తీసి, సరిగ్గా గొట్టం మూతికి ఎదురుగా వేలాడదీసి వచ్చింది.

కాశీరాజు కారులో కూర్చున్నాడు. లేచిన బానెట్టు అడ్డంగా ఉండటంతో ఆయనకు ముందు ఏమీ కనపడలేదు. పరాంకుశం యంత్రం ముందు నిలబడి చెయ్యి ఊపాడు. కాశీరాజు ఇంజను రేపాడు.

కారు గుండెల నిండా గాలి లాగింది, యంత్రం మళ్ళీ నాలుగు వందల పన్నెండు చూపింది. గాలితో పాటు దండ కూడా లాగింది. మిరపకాయలు ముందు వెళ్ళాయి, బొగ్గు వెళ్ళింది, నిమ్మకాయ గొట్టం మూతిలో ఒక్క క్షణం ఇరుక్కుని, తర్వాత అదీ వెళ్ళిపోయింది. లోపల ఏదో పటపటమని విరిగింది. ఎంతో ఖరీదైన కారు ఒకసారి తుమ్మి, ఊళ్ళో ప్రతివాడి కళ్ళూ మండేలా మిరపఘాటు వదిలి, ఆగిపోయింది. యంత్రం ఆ రోజుకు లెక్క మూసేసింది; పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది.

కాశీరాజు మళ్ళీ మీట నొక్కాడు. కారు పలకలేదు.

పరాంకుశం టోపీ తీశాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఘాటు వల్లనో, బాధ వల్లనో తెలియదు.

"నాలుగు వందల పన్నెండు మంది పౌరులు మన కళ్ళయెదుటనే అసువులు బాసినారు," అన్నాడు. "రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుచున్నాను."

పాటించారు. కాశీరాజు, భానుమతి చనిపోయినవాళ్ళలో తామూ ఉన్నామని లెక్క చూసుకుని, నిలబడాలో పడుకోవాలో తెలియక నిలబడే ఉన్నారు. మౌనం అయ్యాక పరాంకుశం నీళ్ళ శాఖ మనిషికి సైగ చేశాడు. ఆ మనిషి పానా తీసి కొళాయి దగ్గరికి నడిచాడు.

"అయ్యా, మేం బతికే ఉన్నాం కదండీ," అంది నూకరత్నం, అడ్డం నిలబడి. "ఈ నీళ్ళు తాగేది మేం కదండీ. కారు ఒక్క చుక్క తాగలేదండి."

"నీవు బతికి ఉన్నావనుటకు ఆధారమేమి?"

నూకరత్నం గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. వెనక ఉన్నవాళ్ళంతా కూడా పీల్చి వదిలారు. పరాంకుశం యంత్రం వంక చూశాడు. యంత్రం ఎర్రగానే ఉంది. వాళ్ళు ప్రహరీకి అవతల ఉన్నారు.

"అవి అనధికార శ్వాసలు," అన్నాడు. "వాటిని నేను విననట్లే. చిన్న ప్రశ్న. మృతుల తాలూకు రక్తసంబంధీకులు ఎవరైనా ఉన్నారా? ఉన్న యెడల కారుణ్య ప్రాతిపదికన మృతుల సౌకర్యాలు వారసులకు సంక్రమించును. లేని యెడల రద్దు."

బంధువులెవరూ లేరన్న ధీమాతోనే ఆయన ఆ మాట అన్నాడు. నూకరత్నం ఒక్క క్షణం ఆయన వంక చూసింది. పానా వంక చూసింది. తర్వాత జుట్టు ముడి విప్పుకుని, పరుగున షెడ్డులోకి వెళ్ళి బానెట్టు మీద పడింది.

"ఎల్లిపోయారా నాయనా. మాకు నీళ్ళిచ్చి ఎల్లిపోయారా తండ్రీ. మమ్మల్ని ఎవరికి ఒప్పజెప్పి పోయారు."

గట్టుపేట మొత్తం వెనకే వచ్చింది. ఏడుపు ఎంత గట్టిగా ఉందంటే చెరువు గట్ల మీద కొంగలు లేచిపోయాయి. నటన కాదది. నీళ్ళు పోతున్నాయి, చంటిపిల్లలున్నారు, మళ్ళీ ఆ ఉప్పు నుయ్యే గతి. అంతకంటే ఏడవడానికి ఏం కావాలి? కాశీరాజు కూడా ఏడ్చాడు. ఆయన కారు కోసం ఏడ్చాడో, వాళ్ళ కోసం ఏడ్చాడో అడగటం మర్యాద కాదు.

పరాంకుశం కరిగిపోయాడు. ఇంత దుఃఖం బంధువులకు తప్ప రాదని అక్కడికక్కడే నమోదు చేయించాడు. అరుగు మీద కుర్చీ వేయించుకుని ఒక్కొక్కరినీ పిలిచాడు.

"శ్వాస సంఖ్య నూట ఏడు నీకేమగును?"

"మేనమామండి," అంది ఒకావిడ ముక్కు చీదుతూ.

"నూట ఎనిమిది?"

"ఆయన పెళ్ళామండి. మంచి మనిషి."

సాయంత్రానికి గట్టుపేటలో అందరికీ ఒక్కో చచ్చిన చుట్టం దొరికాడు. తలకొక మృతుణ్ణి పంచగా, మిగిలిన కొద్దిమందిని నూకరత్నం తన అత్తవైపు వాళ్ళుగా రాయించుకుంది. పుట్టి బుద్ధెరిగాక గట్టుపేట మనుషుల పేర్లు సర్కారు దస్త్రాల్లోకి ఎక్కడం అదే మొదటిసారి. బతికున్నందుకు ఎక్కలేదు, ఎవరో చచ్చినందుకు ఎక్కాయి.

"షరతు ఒక్కటే," అన్నాడు పరాంకుశం జీపెక్కుతూ. "ఇంటివారిద్దరు మినహా మృతులలో ఏ ఒక్కరైనా తిరిగి శ్వాసించినట్టు యంత్రానికి తెలిసిన క్షణమే వారసత్వాలన్నీ రద్దు. చచ్చినవారు చచ్చినట్టే ఉండవలెను."

రెండు నెలల తర్వాత మీరావలీ షెడ్డుకు వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. కొత్త టర్బో, కొత్త గొట్టం, కొత్త జల్లెడ. ఎక్కడెక్కడో అడిగి, కష్టపడి సంపాదించాడు. మొహం వెలిగిపోతోంది.

"పూటలో బిగించేస్తానండి. చచ్చిందనుకున్న బండి, సాయంత్రానికి హైవే మీద ఉంటది. ఏవంటారు?"

కాశీరాజు పెట్టె విప్పాడు. గొట్టాన్ని చేత్తో నిమిరాడు. అద్దంలా ఉంది. ఆయన ప్రాణం లేచివచ్చింది. కారు తలుపు తీసి, దుమ్ముపట్టిన సీట్లో కూర్చుని, గేరు మీద చెయ్యి వేశాడు. ట్రాకు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

బయట కొళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. కాశీరాజు తల తిప్పి చూశాడు. ఆడవాళ్ళంతా ఆ అట్టపెట్టె వంకే చూస్తున్నారు. నూకరత్నం బిందె నిండి పొర్లిపోతోంది, ఆవిడకు ఆ స్పృహే లేదు.

"బాబూ," అంది చివరికి. "వోళ్ళు మళ్ళీ బతుకుతారంటారా?"

మీరావలీ కాశీరాజు వంక చూశాడు. కాశీరాజు గేరు మీద నుంచి చెయ్యి తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చచ్చినోళ్ళు బతకటం ఎక్కడన్నా ఉందామ్మా," అన్నాడు. "బిందె నిండిపోయింది. తీసుకో."

నూకరత్నం బిందె చంకకెత్తుకుంది. వెనకున్నావిడ తన బిందె పెట్టింది.